కొండను త్రవ్వి ఎలుకను పట్టవలదు

(కాశిబుగ్గలో పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా ప్రసంగ విషయము మీకు మొదట కొంత వింతగా తోచవచ్చును. దూరదేశములలో కుందేళ్ళను వేటాడుటకు ఒక చిన్న జంతువును నేలలోని కలుగులలోనికి పంపుదురు. దాని మెడకు విద్యుత్ పరికరము అమర్చిన పట్టెడ నొకదానిని కట్టుదురు. ఆ పరికరము వలన, జంతువు ఏ చోట, ఎంత లోతున ఉన్నదో పైన నిలిచిన మనిషికి తెలియును. ఆ పద్ధతిని గురించి మీకు చెప్పదలచినాము. “మాకు కావలసినవి రోడ్లు, మురుగుకాలువలు, మంచినీళ్ళు, ఈ వేట ముచ్చట మాకెందుకు?” అని మీరడుగవచ్చును. ఎందుకో చెప్పుటకు ముందు, మేము కన్నులార చూచిన ఒక సంగతిని మనవి చేసెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగధర్మముగా ఒక గ్రామమునకు పోయియుంటిమి. ఊరి పేరు చెప్ప నవసరము లేదు. అట్టి ఊళ్ళు చాల ఉన్నవి. వానాకాలపు వరి పొట్టమీద ఉన్నది. ఒక రైతు పొలమున పందికొక్కు పడి, పిలకలను మొదలంట కొరికివేయుచుండెను. నలుగురు కలిసి పారలును గడ్డపారలును తీసికొని కాలువగట్టు మీదికి పోయి, ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు ఏడు చోట్ల త్రవ్విరి. పందికొక్కు దొరకలేదు. ఎండ ముదిరినదని గోతులను అట్లే విడిచి ఇండ్లకు పోయిరి. మూడవనాటి రాత్రి పెద్దవాన కురిసినది. త్రవ్విన చోటనే గట్టు తెగి, దిగువ పొలములో ఇసుక మేట వేసినది. తెల్లవారగానే రైతులిద్దరును పంచాయతీ కార్యాలయమునకు వచ్చిరి. వారు మాటలాడుకొనిన తీరు నేటికిని మా చెవులలో ఉన్నది.

“పందికొక్కు దొరికిందా అన్నా?” అని దిగువ రైతు అడిగినాడు.

“యాడ దొరికింది తమ్మీ!”

“అది దొరకకపాయె, నా పొలం పాయె.”

వ్యర్థశ్రమను గురించి చెప్పునపుడు మన పెద్దలు “కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు” అందురు. ఈ రైతులకు కొండయు పోయినది, ఎలుకయు దొరకలేదు. త్రవ్వుటలో తప్పు లేదు. ఎక్కడ త్రవ్వవలెనో తెలియక త్రవ్వుట ఒక తప్పు. త్రవ్విన దానిని పూడ్చక పోవుట రెండవ తప్పు. ఈ రెండు తప్పులను పోగొట్టుకొనుటకు అన్యదేశపు వేటగాండ్రు ఏమి చేసిరో ఇక వినుడు.

కలుగులోని కుందేలు

ఐరోపా ఖండమునందలి కుందేలు నేలను త్రవ్వి నివసించును. ఒక్కొక్క గుంపు త్రవ్విన కలుగులు లోపల ఒకదానితో నొకటి కలిసి, అనేక ద్వారములతో ఒక చిన్న పల్లెవలె నుండును. అది పైరును, పచ్చికను, లేతచెట్ల బెరడును తినివేయును. దాని గర్భకాలము సుమారు ముప్పది దినములు మాత్రమే. కావున సంతతి త్వరితముగా పెరుగును. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతమున థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటవినోదము కొరకు ఇరువదినాలుగు కుందేళ్ళను వదలినాడు. అవి కొన్ని దశాబ్దములలో ఖండమందు అత్యధిక భాగమును ఆక్రమించినవి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము 1901 మొదలు 1907 వరకు మూడువేల కిలోమీటర్లకు మించిన కంచె వేయించియు వాటిని పూర్తిగా ఆపలేకపోయినది. బ్రిటనులో 1880నాటి చట్టము భూమిని సాగుచేయు రైతునకు తన పొలమున కుందేళ్ళను చంపు హక్కును ఇచ్చినది. 1954నాటి చట్టము, తన భూమిలోని కుందేళ్ళను అదుపులో ఉంచు బాధ్యతను కూడ అతనిమీదనే మోపినది. హక్కు వెంట బాధ్యత వచ్చినదన్న మాట.

ఈ కుందేళ్ళను పట్టుటకు అచ్చటివారు ఫెర్రెట్ అను జంతువును పెంచుదురు. అది చూపునకు మన ముంగిసను పోలియుండును గాని, దాని కుటుంబము వేరు. అది నీటికుక్కకు దగ్గరి చుట్టము. పొడవైన సన్నని దేహము, పొట్టి కాళ్ళు కలది గనుక ఎంత ఇరుకు కలుగులోనైనను దూరగలదు. ఈ వేట క్రొత్తది కాదు. రెండువేల ఏండ్ల క్రిందటనే స్ట్రాబో అను గ్రీకు పండితుడు దీనిని వర్ణించినాడు. స్పెయిన్ దేశమున ఆఫ్రికా నుండి తెచ్చిన ఇట్టి జంతువుల మూతులకు చిక్కములు కట్టి కలుగులలోనికి పంపుచుండిరని అతడు వ్రాసినాడు. మన ఎడ్లకు పొలముపనిలో చిక్కము కట్టినట్లే గదా!

వేటకు పోవువారు ముందు కలుగు ద్వారముల నన్నింటిని వెదకి, ఒక్కొక్కదానిపై ఒక సంచివలను పరచి, దాని త్రాటిని మేకునకు కట్టుదురు. పిమ్మట చప్పుడు చేయక ఫెర్రెట్‌ను లోపలికి వదలుదురు. దాని వాసన తగులగానే కుందేలు బయటికి పరుగెత్తి వలలో పడును. పని సక్రమముగా జరిగిన ఇంతియే. కాని అన్నివేళల సక్రమముగా జరుగదు. ఒక్కొక్కప్పుడు ఫెర్రెట్ లోపలనే కుందేలును మూల కదిమి చంపి, కడుపునిండ తిని, అచ్చటనే నిద్రపోవును. పైనున్న మనిషి పిలిచినను రాదు. ప్రొద్దు వాలును. అది బ్రతికియున్నదో, మట్టి కూలి ఊపిరాడక చచ్చినదో తెలియదు.

పూర్వము దీనికి రెండు ఉపాయములు మాత్రమే ఉండెను. నేలకు చెవి యానించి వినుట మొదటిది. పొడవైన త్రాటితో కట్టిన మరియొక బలమైన ఫెర్రెట్‌ను లోపలికి పంపి, త్రాడు పోయిన దారిని త్రవ్వుకొనుచు పోవుట రెండవది. త్రాటికి సమాన దూరములలో ముడులు వేసి, ఎన్ని ముడులు లోపలికి పోయినవో లెక్కించెడివారు. అయితే త్రాడు వేరులకు చుట్టుకొనును. దారి వంకరలు తిరుగును. ఒక గజము లోతున ఉన్న జంతువు కొరకు పది గజముల నేలను పెళ్ళగింపవలసి వచ్చును. ఇదియే వారి దేశపు కొండను త్రవ్వి ఎలుకను పట్టుట.

మెడపట్టెడ పనిచేయు విధము

విద్యుత్ పట్టెడ వచ్చిన తరువాత ఈ పని మారిపోయినది. పట్టెడకు వ్రేలికొనయంత చిన్న పెట్టె అమర్చబడి యుండును. అందులో ఒక బ్యాటరీయు, ఒక తీగచుట్టయు ఉండును. ఆ తీగచుట్ట క్షణక్షణమును ఒక బలహీనమైన అయస్కాంత స్పందనను వెలువరించును. మనిషి చేతిలో నుండు రిసీవరులోని తీగచుట్ట ఆ స్పందనను గ్రహించి “టిక్, టిక్” అని శబ్దము చేయును. ఇట్టి స్పందనకు మట్టి పెద్ద అడ్డు కాదు. అందుచేతనే నేలమీదనుండి లోపలి జాడ తెలియును. అయితే ఇది కొద్ది అడుగుల లోతునకు మాత్రమే ఉపయోగపడును. మైళ్ళకొలది దూరమునకు కాదు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి మధ్యప్రదేశములోని కూనో జాతీయోద్యానమునకు తెచ్చిన ఎనిమిది చీతాల మెడలకు కట్టిన పట్టెడలు ఉపగ్రహముల ద్వారా జాడ తెలుపునట్టివి. వాటి పద్ధతి వేరు. ఉద్దేశము మాత్రము ఒక్కటే.

వాడు విధమును వినుడు. మొదట యంత్రమును ఎక్కువ దూరమునకు అమర్చి కలుగుల పైన మెల్లగా నడతురు. శబ్దము వినబడగానే దూరమును తగ్గించుకొనుచు, శబ్దము హెచ్చిన వైపునకు జరుగుదురు. తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణములుగా ఒకసారి యంత్రమును కదలించి, రెండు గీతలును కలియు చోట నేలపై గుర్తు పెట్టుదురు. జంతువు సరిగా ఆ గుర్తు క్రింద నుండును. పాత యంత్రములలో చక్రమును త్రిప్పి, శబ్దము ఆగిన చోటినిబట్టి లోతును తెలిసికొందురు. క్రొత్తవానిలో లోతు అంకెలుగా కనబడును. అప్పుడు ఆ ఒక్కచోటనే నిలువుగా త్రవ్వుదురు.

యంత్రముకన్న గొప్పవి ఆ వేటగాండ్రు పాటించు నియమములు. మంచి వేటగాడు జంతువును వదలుటకు ముందు పట్టెడ పనిచేయుచున్నదో లేదో ప్రతిసారియు పరీక్షించును. పట్టెడ వదులుగా నుండిన వేరునకు తగులుకొనును, బిగువుగా నుండిన ఊపిరి సలుపనీయదు. కావున సరిచూచి కట్టును. త్రవ్వుచున్నంత సేపును మరల మరల యంత్రముతో పరీక్షించును, ఏలయన లోపలి జంతువు కదలవచ్చును. కలుగు సమీపించినపుడు పారను ప్రక్కన పెట్టి, చివరి మట్టిని చేతితో తీయును. పని ముగిసిన తరువాత గోతిని పూడ్చి త్రొక్కును. ఇంటికి బయలుదేరుటకు ముందు తన జంతువులను, వలలను లెక్కించుకొనును. లెక్క సరిపోనిదే కదలడు. నేలలోనికి తాను పంపిన దానికి తాను జవాబుదారి యని ఆ పట్టెడ అతనికి జ్ఞాపకము చేయుచుండును.

నేటి మా మాటలలో మీరు జ్ఞాపకముంచుకొనవలసినవి ఈ రెండే: త్రవ్వుటకు ముందు తెలిసికొనుట, పంపిన దానికి జవాబుదారి యగుట.

మన చెవులపిల్లి వేరు

ఇది విని, మన ఊరి కుందేళ్ళ వేటకును ఇట్టి పరికరములు తెప్పింపవచ్చునని ఎవరైన తలంపవచ్చును. అది పొరపాటు. మన పొలములలో కనబడు అడవి కుందేలు, అనగా చెవులపిల్లి, ఐరోపా కుందేలు వంటిది కాదు. మెడవెనుక నల్లని మచ్చగల మన చెవులపిల్లి నేలను త్రవ్వదు. గడ్డిలోనో పొద నీడనో తన దేహము పట్టునంత పల్లము చేసికొని పడుకొనును. దాని పిల్లలు పుట్టునప్పుడే కన్నులు తెరచి, ఒంటినిండ వెండ్రుకలతో నుండును. కలుగులో పుట్టు ఐరోపా కుందేటి పిల్లలు కన్నులు తెరువక, వెండ్రుకలు లేక పుట్టును. కలుగే లేని చోట కలుగువేటకు తావెక్కడిది? “తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు” అని వాదించు వారుండవచ్చును గాని, వాదము వలన చెవులపిల్లి కలుగులో చేరదు.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చెవులపిల్లికి రక్షణ నిచ్చినది. ఈ చట్టమును 2022లో సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. తుపాకితో కాల్చుట మాత్రమే వేట యని భ్రమింపరాదు. వల పన్నుట, ఉచ్చు వేయుట, ఎర పెట్టుట, తరిమి పట్టుట, తుదకు ఇట్టి ప్రయత్నము చేయుటయు చట్టము దృష్టిలో వేటయే. పండుగనాడు సరదాకు కుక్కలతోడను వలలతోడను బయలుదేరు యువకులకు ఈ సంగతి తెలియకపోవచ్చును. తెలియదనిన కేసు తప్పదు. కావున వారికి ముందుగా తెలుపవలసిన వారు మీరే.

“కుందేలు మాట విడువుడు, ఫెర్రెట్‌కు బదులు ముంగిసను పెంచి ఎలుకకలుగులలో వదలరాదా?” అని ఒక రైతు మమ్ము అడిగినాడు. తెలివైన ప్రశ్నయే. కాని ముంగిసకు కూడ ఆ చట్టపు రక్షణ కలదు. దానిని పట్టుటయు బంధించి పెంచుటయు నేరము. పరదేశపు జంతువును తెచ్చి వదలుట ఇంకను ప్రమాదకరము. 1872లో జమైకా ద్వీపమున చెఱకుతోటల ఎలుకలను చంపుటకని కలకత్తా నుండి తొమ్మిది ముంగిసలను తెచ్చి వదలిరి. అవి పెరిగి, ఎలుకలతో ఆగక పక్షుల గ్రుడ్లను, ఇంటికోళ్ళను, బల్లిజాతి ప్రాణులను తినసాగినవి. న్యూజీలాండ్ దేశమున పందొమ్మిదవ శతాబ్దపు చివర కుందేళ్ళను అణచుటకని వదలిన ఫెర్రెట్‌లు ఎగురలేని పక్షులను వేటాడినవి. 2002లో ఆ దేశము ఫెర్రెట్‌ల అమ్మకమును, పెంపకమును నిషేధింపవలసి వచ్చినది. పట్టెడ కట్టి పంపి తిరిగి పిలుచుకొను జంతువు పనివాడు. పట్టెడ లేక వదలిన జంతువు మరియొక తెగులు.

మన కలుగులోని దొంగ

ఇక మన పందికొక్కు సంగతికి వత్తము. ఆంగ్లేయులు తమ భాషలోని ‘బాండికూట్’ అను పేరును మన ‘పందికొక్కు’ అను మాటనుండియే గ్రహించిరి. పేరు లోకమునకు ఇచ్చితిమి గాని, బాధ మాత్రము మనకే మిగిలినది. పొలపు పందికొక్కు వరిపైరును కొరకును. అంతటితో ఆగక కంకులను కలుగులోనికి మోసికొనిపోయి దాచును. ఆడది సుమారు మూడు వారములు మోసి ఒక్క ఈతలో అనేక పిల్లలను పెట్టును. గట్టులను గుల్ల చేయును. ఓరుగల్లు ప్రాంతము కాకతీయులనాటి చెరువుల సీమ. పాఖాల, రామప్ప వంటి పెద్ద తటాకములనుండి ఊరి కుంటలవరకు మన సేద్యమంతయు మట్టికట్టల నాశ్రయించి యున్నది. గట్టులోని ఒక్క కలుగు నీటికి దారి యగును. దానిని వెదకుచు తెలివిలేక త్రవ్విన గోయి ఇంకను పెద్ద దారి యగును.

మనకు విద్యుత్ పట్టెడ లేదు. కాని జాడ తెలిసికొను మార్గములు లేకపోలేదు. వానిని క్రమముగా చెప్పెదము.

మొదట, ఏ కలుగులో జీవము ఉన్నదో తెలిసికొనవలెను. సాయంకాలమున పొలములోను గట్లపైనను కనబడు కన్నముల నన్నింటిని మట్టితో మూయుడు. మరునాటి ఉదయమున పోయి చూడుడు. తెరువబడినవి జీవమున్న కలుగులు. మూసినట్లే యున్నవి పాడుపడినవి. వానిని త్రవ్వుట వృథా. పందికొక్కు కలుగు ముందు క్రొత్తమట్టి కుప్పగా పడియుండును. ఈ ఒక్క పరీక్ష చేసియుండిన, మేము చెప్పిన గ్రామమున ఆ నలుగురును ఏడు గోతులు త్రవ్వియుండరు.

రెండవది పొగ. జీవమున్న కలుగు ద్వారమున పొగకుండను గాని, చేతితో త్రిప్పు పొగయంత్రమును గాని ఉంచి, గడ్డిపొగను లోపలికి పంపవలెను. కొంతసేపటికి చుట్టుప్రక్కల ఏయే కన్నములనుండి పొగ వచ్చునో గమనించి వానిని తడిమట్టితో మూయవలెను. కలుగు ఎటు పోయినది, ఎన్ని వాకిళ్ళు కలది అను సంగతి పొగ చెప్పును. పొగయే మన మెడపట్టెడ. రెండు మూడు నిమిషములు పొగ నిండిన పిమ్మట లోపలి ఎలుకలు ఊపిరాడక చచ్చును, లేక తెరచియుంచిన ఒక్క వాకిట పెట్టిన వలలో పడును. త్రవ్వ నవసరమే యుండకపోవచ్చును.

ఈ విద్యలో ఆరితేరిన వారు మన నడుమనే ఉన్నారు. కోస్తా జిల్లాలలో యానాదులు, తమిళనాట ఇరుళులు తరతరములుగా ఎలుకల జాడ తీయుటలో నిపుణులు. వారు మట్టిరంగును చూచి, కన్నపు అంచున పడిన గుర్తును చూచి, లోపల ఏమున్నదో చెప్పగలరు. పూర్వము వారు మట్టికుండలో నిప్పుపెట్టి నోటితో ఊదుచు చేతులు కాల్చుకొని, పొగ మ్రింగి రోగముల పాలగుచుండిరి. తరువాత చేతితో త్రిప్పు ఉక్కు పొగయంత్రము వచ్చి ఆ కష్టమును తగ్గించినది. మన గ్రామములలోను ఇట్టి నేర్పు గలవారుందురు. వారిని తక్కువగా చూడక, పని అప్పగించి, తగిన కూలి ఇచ్చుట గ్రామమునకే లాభము. పారతో నలుగురు అర్ధదినము చేయలేని పనిని ఎరిగినవాడు ఒక్కడు గడియలో చేయును.

మూడవది విషపు ఎర. వ్యవసాయశాఖ సిఫారసు ప్రకారము, మొదట విషము లేని ఎరను పెట్టి ఎలుకకు అలవాటు చేయవలెను. తరువాత నూకలు 96 పాళ్ళు, మంచినూనె 2 పాళ్ళు, జింకు ఫాస్ఫైడు 2 పాళ్ళు కలిపి, పది గ్రాముల చొప్పున కాగితపు పొట్లములలో జీవమున్న కలుగులలో మాత్రమే వేయవలెను. మందును చేతితో తాకరాదు, కఱ్ఱతో కలుపవలెను. ఈ విషమునకు విరుగుడు మందు లేదని మరువరాదు. బ్రోమాడియోలోన్ అను మందు మెల్లగా పనిచేయును. దానికి విటమిన్ కె1 విరుగుడు కలదు. అల్యూమినియము ఫాస్ఫైడు మాత్రలను శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు వాడరాదు.

ఇచ్చట ఫెర్రెట్ వేటగాని లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. ఎన్ని పొట్లములు కట్టితిమి, ఎన్ని కలుగులలో వేసితిమి, ఎన్ని మిగిలినవి? మిగిలినవానిని, చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టితిమా? ఈ లెక్క కాగితముపై నుండవలెను. గట్టుమీద పడియున్న పొట్లము ఎలుకకని పెట్టినదే కావచ్చును. కాని దానిని ముట్టునది కోడియో, మేకయో, ఆడుకొను బిడ్డయో ఎవరికి తెలియును? ఎలుకలను ఎత్తునప్పుడు చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు ఉండవలెను. ఎలుకమూత్రము కలిసిన నీటివలన, బురదవలన ఎలుకజ్వరము వచ్చును.

గుడ్లగూబయు, జెర్రిపోతును జీతము లేని కావలివాండ్రని కూడ మనవి చేయుచున్నాము. జెర్రిపోతునకు విషము లేదు. కనబడగానే కఱ్ఱ యెత్తువాడు తన గాదె కావలిని తానే చంపుకొనుచున్నాడు.

పట్టెడలేని వేట

ఇంతవరకు ఎలుక మాట చెప్పితిమి. ఇక ప్రాణములు తీయుచున్న మరియొక వేటను గురించి చెప్పక తప్పదు. అడవిపందుల కొరకనియు, చెవులపిల్లుల కొరకనియు రాత్రివేళ పొలములచుట్టు తీగలు లాగి, వానికి కరెంటు కలుపు దురాచారము మన పల్లెలలో ఇంకను పోలేదు. ఆ తీగకు కన్ను లేదు. దానికి అడవిపందియు, నీరు పెట్టుటకు పోవు రైతును ఒక్కటే. దానిని పన్నినవాడు ఇంట నిద్రపోవుచుండును. చీకటిలో ఎవరు దాని దగ్గరకు వచ్చిరో అతనికి తెలియదు. తెల్లవారి చూచునప్పటికి తీగపై పడియున్నది పొరుగువాని ఎద్దు కావచ్చును, పొరుగువాడే కావచ్చును, ఒక్కొక్కప్పుడు తన కన్నకొడుకే కావచ్చును.

దూరదేశపు వేటగాడు ఒక చిన్న జంతువును నేలలోనికి పంపి, అది తిరిగి వచ్చువరకు ఇంటికి పోవుట లేదు. మనము ప్రాణము తీయు విద్యుత్తును చీకటిలో వదలి ఇంటికి పోవుచున్నాము. ఈ తారతమ్యమును మీ గ్రామసభలో విప్పి చెప్పుడు. ఇట్లు విద్యుత్తును దొంగిలించుట 2003నాటి విద్యుత్ చట్టపు 135వ సెక్షను క్రింద నేరము. వన్యప్రాణి చచ్చిన అది వేరొక నేరము. మనిషి చచ్చినచో సంగతి చెప్పనేల? చట్టము శిక్షించును, శిక్ష వలన పోయిన ప్రాణము మాత్రము తిరిగి రాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఇక మీరు చేయదగిన పనులను సంగ్రహముగా మనవి చేసెదము.

మొదటిది: ఎలుకల నివారణను ఊరంతయు ఒకే దినమున చేయవలెను. ఒక్కని పొలమున చంపిన, పొరుగు పొలమునుండి మరల వచ్చును. వానాకాలమునకును యాసంగికిని పైరు పొట్టకు రాకముందే దినమును నిర్ణయించి చాటింపు వేయింపుడు. యాసంగి కోతల తరువాత వేసవిలో మరియొకమారు చేసిన ఇంకను మేలు.

రెండవది: చెరువుకట్టలను, కాలువగట్లను ఎవరును సొంతముగా త్రవ్వకుండ తీర్మానము చేయుడు. వానిలో కలుగులున్నచో నీటిపారుదల శాఖవారికి తెలిపి, వారి సలహా ప్రకారము మట్టిని పొరలు పొరలుగా వేసి గట్టిగా దిమ్మిస కొట్టింపుడు. సొంత పొలపు గట్లను సన్నగా, కలుపు లేకుండ ఉంచిన పందికొక్కునకు తావు తగ్గును.

మూడవది: ఒకటి రెండు పొగయంత్రములను పంచాయతీ అధీనమున ఉంచి రైతులకు వంతులవారిగా ఇండు. వాడుక తెలియనిచో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రమును గాని, వరంగల్లులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనాస్థానమును గాని అడుగవచ్చును. హైదరాబాదు రాజేంద్రనగరములోని జాతీయ సస్యారోగ్య సంస్థ ఎలుకల నివారణలో శిక్షణ నిచ్చుచున్నది.

నాలుగవది: విషపు మందుల లెక్కకు ఒక పుస్తకము పెట్టుడు. ఎవరికెంత ఇచ్చితిమి, ఎంత తిరిగి వచ్చినది అందు వ్రాయింపుడు.

అయిదవది: కరెంటు తీగ పన్నినవాని సంగతి తెలిసినచో, మనవాడని దాచక వెంటనే విద్యుత్ సిబ్బందికి తెలుపుడు. అడవిపందుల బాధ నిజమే. దానికి అటవీశాఖ ద్వారా చట్టసమ్మతమైన మార్గమును వెదకుడు.

ఆరవది: త్రవ్వుటకు ముందు తెలిసికొనుట అను నియమము ఎలుకకు మాత్రమే కాదు. మంచినీటి గొట్టములు, టెలిఫోను తీగలు, విద్యుత్ కేబుళ్ళు నేడు మన వీధుల క్రిందనే ఉన్నవి. ఒక గడ్డపార పోటుతో ఊరంతటికి నీరు ఆగిపోవచ్చును. నేలలోని కేబుళ్ళ జాడ తీయు యంత్రములును, పైన చెప్పిన పట్టెడవలెనే, అయస్కాంత స్పందనను గ్రహించి పనిచేయునట్టివే. త్రవ్వువారు ముందుగా ఆయా శాఖలకు తెలుపుటకై కేంద్రప్రభుత్వము 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను మొబైల్ సదుపాయమును ప్రారంభించినది. గుత్తేదారు పని మొదలుపెట్టుటకు ముందు, అడుగున ఏమున్నదో అతడు తెలిసికొనెనా యని అడుగు హక్కు మీకు కలదు.

సోదరులారా, సోదరీమణులారా! ఈ కాశిబుగ్గ చేరువనే ఎనుమాముల మార్కెట్టు ఉన్నది. అచ్చటికి వచ్చు ప్రతి బస్తా వెనుకను ఒక కుటుంబపు ఏడాది చెమట ఉన్నది. ఆ బస్తా నిండక ముందే పందికొక్కు తన పాలు తీసికొనుచున్నది. దానిని అదుపులో పెట్టవలసినదే. కాని దానిని పట్టబోయి గట్టును, పొరుగువాని పొలమును, మనిషి ప్రాణమును పోగొట్టుకొనరాదు.

మొదట చెప్పిన ఆ ఇద్దరు రైతుల తగవు ఎట్లు తీరినదని మీరడుగవచ్చును. పెద్దలు కూర్చుండి, తెగిన గట్టును ఇద్దరును కలిసి వేయవలెననియు, ఇసుక తీయు కూలిని ఎగువ రైతు భరింపవలెననియు నిర్ణయించిరి. గట్టు వేయుచుండగా, త్రవ్విన చోటికి నాలుగు బారల దూరమున, తుమ్మమొదట, క్రొత్తమట్టి కుప్పతో ఒక కన్నము కనబడినది. పందికొక్కు అచ్చట సుఖముగా నుండెను. ఆ ఏడు గోతులలో ఒక్కటియు దాని దరికి పోలేదు.

త్రవ్వుటకు ముందు తెలిసికొనుడు. త్రవ్విన దానిని పూడ్చుడు. పంపిన దానిని లెక్క పెట్టుకొనుడు. మీ గ్రామములలో ఈ మూడు మాటలు నిలిచినచో మా ప్రసంగము సార్థకమైనట్లే. 

జై హింద్.